కంప్యూటరునకు తగిన కరెంటు పెట్టె

మా మంచిర్యాల సీమవారికి విద్యుచ్ఛక్తి క్రొత్త వస్తువు కాదు. గోదావరి కావలి యొడ్డున రామగుండములో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థవారి కేంద్రము 1983 నుండి పనిచేయుచున్నది. ఈవలి యొడ్డున జైపూరు మండలములోని పెగడపల్లి వద్ద సింగరేణివారి కేంద్రము 2016లో ఉత్పత్తి నారంభించినది. అందు 600 మెగావాట్ల యంత్రములు రెండు కలవు. ఇట్లు విద్యుత్తునకు పుట్టినిల్లైన చోట నివసించుచు, గనుల విద్యుచ్ఛాఖలో ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి గొనిన నేను, నా యింటిలోని ఒక చిన్న కరెంటు పెట్టె విషయమున పొరబడితిని. ఆ పొరపాటు మీకు కలుగకుండుటకై నేడు నాలుగు మాటలు విన్నవింతును.

నా మనుమరాలు ఇంజనీరింగు చదువుచున్నది. యంత్రముల రూపములను నిడివి, వెడల్పు, ఎత్తులతో కంప్యూటరుపై గీయుట ఆమె పని. ఇట్టి పనికి ఉత్తరములు వ్రాసికొను సామాన్య కంప్యూటరు చాలదు. శక్తిగల ప్రాసెసరును, దానికి తోడు చిత్రములను లెక్కగట్టు గ్రాఫిక్స్ కార్డును కావలెను. ఆమె యేయే భాగములు కొనవలెనో ఒక కాగితముపై వ్రాసి నా కిచ్చినది. దుకాణమున లెక్క వేయగా మే మనుకొనినదానికంటె సొమ్మెక్కువైనది. ఎక్కడ తగ్గింపవచ్చునని నే నడిగితిని. అమ్మువాడు జాబితాలోని 650 వాట్ల పవర్ సప్లైని చూపి, “దీనికి బదులు 450 వాట్లది నాలుగవవంతు వెలకే ఇచ్చెదను, రెండును కరెంటే కదా యిచ్చునవి!” అనెను. మనుమరాలు, “వద్దు తాతా, అది చాలదు” అని నా చెవిలో చెప్పినది. “ముప్పది యేండ్లు కరెంటుతో కాపురము చేసినవాడను, నాకు నీవు చెప్పుదువా?” అని నేను నవ్వి, చౌక పెట్టెనే కొంటిని.

రెండు నెలలు కంప్యూటరు చక్కగా నడచినది. పరీక్షకు సమర్పింపవలసిన పెద్ద చిత్రమును ఆమె సిద్ధపరచునప్పుడు కష్టము మొదలైనది. పని బరువెక్కగానే తెర నల్లబడి, యంత్రము తనంత తానే ఆగి, మరల మొదలగుచుండెను. నేను లైను నిందించితిని. స్టెబిలైజరు తెచ్చి పెట్టితిని. కడకు పిల్ల సరిగా వాడుట లేదని కసరితిని. గడువునకు ముందటి రాత్రి చేసిన పనియంతయు అట్లే పోయినది. ఆమె నన్నొక్క మాట అనలేదు. మరునా డుదయమున ఒక కాగితమును, పెన్సిలును తెచ్చి నా ముందుంచి, “తాతా, పెట్టె ప్రక్కనున్న చీటీ చదివి నీవే హెచ్చవేయుము” అన్నది.

ఆ చీటీ కథ చెప్పుటకు ముందు, ఈ పెట్టె చేయు పని కొంచెము తెలుపవలెను. మన గోడ సాకెట్టులో వచ్చునది 230 వోల్టుల ఏ.సి. కరెంటు. కంప్యూటరులోని సున్నితమైన భాగము లంత వోల్టేజిని సహింపలేవు. వానికి డి.సి. కరెంటు కావలెను, అదియు 12, 5, 3.3 వోల్టులంత స్వల్పముగా నుండవలెను. సబ్‌స్టేషను ఊరికి చేయు సేవనే ఈ పెట్టె కంప్యూటరునకు చేయుచున్నది. దుకాణములలో దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అని కూడ పిలుతురు.

ఈ మూడు వోల్టేజీలలో ముఖ్యమైనది 12 వోల్టులది. పూర్వపు కంప్యూటరులు 5 వోల్టుల వరుస నుండి ఎక్కువ శక్తిని తీసికొనెడివి. నేటి ప్రాసెసరును, గ్రాఫిక్స్ కార్డును దాదాపుగా తమ ఆహారమంతయు 12 వోల్టుల వరుసనుండియే పొందుచున్నవి. కావున అట్టపై పెద్ద యక్షరములతో ముద్రించిన వాట్లను నమ్మరాదు. పెట్టెకు అంటించిన చీటీలో 12 వోల్టుల వరుస యెదుట ఎన్ని ఆంపియర్లున్నవో చూచి, ఆ సంఖ్యను 12తో హెచ్చవేయవలెను. నేను కొనిన 450 వాట్ల పెట్టెపై ఆ వరుసలో 18 ఆంపియర్లుండెను. పండ్రెండు పదునెనిముదులు 216. అనగా పనికివచ్చు బలము 216 వాట్లు మాత్రమే! మిగిలినవి అక్కరలేని వరుసలలో పేర్చి చూపిన అంకెలు. గ్రాఫిక్స్ కార్డొక్కటియే 200 వాట్లు కోరునది. ఇక ప్రాసెసరు తిను టెక్కడిది? ఉత్తరములు వ్రాయునపుడు ఆ రెండును సగము నిద్రలో నుండును గనుక యంత్రము నడచినది. రెండును మేల్కొని యొకేసారి చేయి చాపగానే పెట్టె చతికిలబడినది. ముప్పది యేండ్లు పెద్ద మోటారునకు సన్నని కేబులు వేయకుడని కుఱ్ఱవారికి బోధించిన నేను ఆ పనినే నా యింట చేసితిని.

మరి తగిన పెట్టె నెట్లు నిర్ణయింపవలెను? లెక్క కష్టమైనది కాదు. గ్రాఫిక్స్ కార్డు కెన్ని వాట్లు, ప్రాసెసరు గరిష్ఠముగా నెన్ని వాట్లు తీసికొనునో తయారుచేయువారే ప్రకటింతురు. మా యంత్రమున కార్డునకు 200, ప్రాసెసరునకు 150, ఫ్యాన్లు, డిస్కులు, మదర్‌బోర్డు మున్నగువానికి 75. వెరసి 425 వాట్లు. దీనికి సగము కలిపినచో సుమారు 640. కావున 650 వాట్ల పెట్టె తగినది. మంచి 650 వాట్ల పెట్టె చీటీపై 12 వోల్టుల యెదుట 54 ఆంపియర్లుండును. హెచ్చవేసినచో 648 వాట్లు. పిల్ల వ్రాసిన జాబితా అక్షరాల సరియైనది.

సగ మధిక మెందుకని మీరడుగవచ్చును. పొలమున మోటారు మొదలుపెట్టిన క్షణమున అది నడకలోకంటె ఎన్నియో రెట్లు కరెంటు లాగుట మీ రెరిగినదే. గ్రాఫిక్స్ కార్డును అట్టిదే. కనురెప్పపాటులో వేయవ వంతు కాలము తన వాడుకకు మించి లాగును. అందుకే 2022లో వచ్చిన ఏ.టి.ఎక్స్. 3.0 అను నిబంధన, పెద్ద కార్డులకు తగిన పెట్టె సెకండులో పదివేలవ వంతు కాలము తన శక్తికి రెట్టింపు భారము నోర్వవలెనని చెప్పుచున్నది. గనిలోనికి మనుష్యులను దింపు ఉక్కుత్రాడు వారి బరువునకు సరిగా సరిపోవునది కాదు. అంతకెన్నియో రెట్లు మోయగలదానినే కట్టుదురు.

పెద్ద పెట్టె కొనిన కరెంటు బిల్లు పెరుగునని కొందరి భయము. బావి పెద్దదైనంత మాత్రమున చేద పెద్దదగునా? యంత్ర మడిగినంతయే పెట్టె ఇచ్చును. బిల్లు ఆధారపడునది పెట్టె నైపుణ్యముపై. నూటికి 80 పాళ్లు మాత్రమే లోని కందించు పెట్టె, 400 వాట్ల పనికి గోడనుండి 500 తీసికొని 100 వాట్లను వేడిగా పారబోయును. నూటికి 90 అందించునది 444 తీసికొని 44 మాత్రమే పోగొట్టును. దినమున కైదు గంటలు అంత బరువైన పని జరిగినచో నెలకు ఎనిమిది యూనిట్లకు పైగా మిగులును. ఈ నైపుణ్యమును తెలుపుటకు 2004 నుండి 80 ప్లస్ అను ముద్ర యున్నది. అందు కంచు, వెండి, బంగారము మొదలైన తరగతులు కలవు. మన యెండలలో వేడి తగ్గుట పెట్టె ఆయుష్షునకును మేలు.

తరువాత చూడవలసినవి తీగల కొసలు. మదర్‌బోర్డునకు 24 పిన్నులది, ప్రాసెసరునకు 8 పిన్నులది, గ్రాఫిక్స్ కార్డునకు దాని కవసరమైనన్ని వేరుగా నుండవలెను. కార్డు కిచ్చు 8 పిన్నుల కొస 150 వాట్లు మోయును. 6 పిన్నులది 75 వాట్లు. 600 వాట్ల వరకు మోయు 16 పిన్నుల క్రొత్త కొస యొకటి వచ్చినది. 2022లో కొన్ని పెద్ద కార్డులపై ఆ కొస పూర్తిగా దిగకపోవుటచే వేడెక్కి కరిగినది. కావున కొస అంచు కనబడకుండ లోనికి నొక్కవలెను. ఒక కంపెనీ పెట్టెకు మరియొక కంపెనీ తీగలను తగిలింపరాదు. చూపునకు సరిపోయినను లోపలి వరుసలు వేరై డిస్కులు కాలిపోవచ్చును.

ఇంటి సంగతులు కూడ చెప్పవలెను. మూడవ పిన్ను అలంకారమునకు పెట్టినది కాదు. దానికి నిజమైన ఎర్తు ఉండవలెను. యు.పి.ఎస్. కొనునపుడు వి.ఏ. అను సంఖ్యను గాక వాట్ల సంఖ్యను చూడవలెను, 600 వి.ఏ. అన్నది తరచుగా 360 వాట్లే యగును. నేటి మంచి పవర్ సప్లైలకు సైన్ తరంగము నిచ్చు యు.పి.ఎస్. శ్రేష్ఠము. కొన్ని చౌక పెట్టెల వెనుక 115, 230 అను ఎఱ్ఱ మీట యుండును. అది 230 వైపుననే యుండవలెను, లేనిచో పెట్టె పేలును. ఇక మన గనుల సీమలో బొగ్గుధూళి యున్నది. అది ఫ్యానును, గాలి రంధ్రములను కప్పివేయును. రెండు మూడు నెలల కొకసారి ప్లగ్గు తీసి, ఆరుబయట ధూళి నూదివేయవలెను. అంతేగాని పెట్టెను విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపకూడ లోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును.

ఆ మధ్యాహ్నమే నేను దుకాణమునకు పోయి, జాబితాలోని పెట్టెను తెచ్చితిని. నాటినుండి యంత్ర మొక్కసారియు ఆగలేదు. మొదట మిగిల్చినదానికంటె స్టెబిలైజరునకును, రెండవ పెట్టెకును ఎక్కువ వ్యయమైనది. ఆమె అధ్యాపకుని గడువు వేడుకొని, మరి రెండు రాత్రులు మేల్కొని, పోయిన చిత్రమును మరల గీసినది. ఆ రాత్రులకు నేనేమి చెల్లింపగలను?

పెద్దలారా! మన యిండ్లలో డబ్బిచ్చునది మనము. యంత్రము నెరిగినది పిల్లలు. వారు జాబితా తెచ్చినపుడు వెల తగ్గించుటకు కంటికి కనబడని భాగమునే మొదట కొట్టివేయుట మనకు సహజము. తగ్గింపక తప్పదేని మెరుగు దీపముల పెట్టెలో తగ్గింపుడు, అందము తగ్గింపుడు. కరెంటు పెట్టెలో తగ్గింపకుడు. చీటీని చదివి, 12తో హెచ్చవేసి, పిల్ల లెక్కతో సరిపోల్చుడు. ఆ గుణకారము మనకు చిన్ననాడే బడిలో నేర్పియున్నారు. పిల్ల చెప్పినది విని, ఆ లెక్క దుకాణములోనే చేసియుండవలసినది. నేను ఇంటికి వచ్చిన రెండు నెలలకు చేసితిని.