క్యాజువాల్టీలో సిస్టర్‌కి తెలిసిన సంగతులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు డిపార్టుమెంటు ఇంజనీరు నర్సుల గురించి ఏం మాట్లాడతాడని ఆహ్వాన పత్రిక చూసి కొందరు నవ్వారట. మన బడిలో చదివి ఇంజనీర్లయిన వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏఎన్‌ఎంలు, స్టాఫ్ నర్సులు అయిన ఆడపిల్లలు మాత్రం దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. ఈ రెండు నెలల్లో వాళ్ళలో కొందరితో ఫోన్లో మాట్లాడాను. నేను చెప్పబోయేదాంట్లో సగం వాళ్ళు నేర్పింది, మిగతా సగం సబ్‌స్టేషన్లలో నేను చూసింది.

పర్ణశాల నుంచి భద్రాచలం సుమారు 35 కిలోమీటర్లు. అక్కడ కాదంటే ఖమ్మం ఇంకో 120. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అలాంటి రోజుల్లో ఇవతలి ఒడ్డున ఏ ఆస్పత్రి ఉంటే అదే మనకు హైదరాబాదు. అర్ధరాత్రి అక్కడికి మనిషిని మోసుకెళ్తే మొదట చెయ్యి పట్టుకు చూసేది సిస్టరే. డాక్టరు ఇంకో మంచం దగ్గర ఉంటారు. కాబట్టి ఆ మొదటి పది నిమిషాల్లో రోగి క్షేమం ఆమెకు ఏం తెలుసు అన్నదాని మీద ఆధారపడుతుంది. తెలిసింది నోరు తెరిచి చెప్పగలదా అన్నదాని మీద ఇంకా ఎక్కువ ఆధారపడుతుంది.

పదేళ్ళ కిందట మా పెదనాన్న కొడుకుని తెల్లవారుజామున ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కడుపునొప్పి, వాంతి. కాటు గుర్తు లేదు, వాపు లేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గ్యాస్ నొప్పి అని మందు రాశారు. సిస్టర్ సిరంజి చేతిలో పెట్టుకునే, "పైకి చూడు తమ్ముడూ" అంది. రెప్పలు లేవలేదు. "రాత్రి ఎక్కడ పడుకున్నావు?" "వసారాలో, నేల మీద." ఆమె సిరంజి పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "సార్, ఒకసారి కళ్ళు చూడండి, కట్లపాము అనిపిస్తోంది." ఆయన వచ్చి చూశారు, రాసింది కొట్టేసి మళ్ళీ రాశారు. మధ్యాహ్నానికి మావాడికి ఊపిరి అందక గొట్టం వేయాల్సి వచ్చింది. అప్పటికి పెద్దాస్పత్రిలో ఉన్నాడు కాబట్టి బతికాడు. ఆ డాక్టరుని కూడా మెచ్చుకోవాలి. ఒక నర్సు చెబితే వినడమేమిటని ఆయన అనుకోలేదు.

కట్లపాము రాత్రిపూట నిద్రలో కాటేస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు. తరవాత కడుపునొప్పి, రెప్పలు వాలడం, ఊపిరి కండరాలు పడిపోవడం. రక్తపింజర సంగతి వేరు, అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. దానికో పరీక్ష ఉంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, అప్పుడు వంచి చూడాలి. ల్యాబు అక్కర్లేదు, గోడ గడియారం చాలు. కానీ గొట్టం ప్లాస్టిక్‌ది అయినా, సబ్బుపొడితో కడిగింది అయినా ఫలితాన్ని నమ్మలేం. విరుగుడు మందు ఎక్కించేటప్పుడు రోగికి ఒక్కసారిగా రియాక్షన్ రావచ్చు, అందుకే అడ్రినలిన్ ముందే సిరంజిలో సిద్ధంగా ఉండాలి. ఇంకోటి: మామూలు మందులు పిల్లలకు బరువును బట్టి తగ్గిస్తాం, ఈ విరుగుడుకి మాత్రం తగ్గించకూడదు. పాము చిన్నపిల్లాడని తక్కువ విషం వదలదు కదా. ఇది తెలియని సిస్టర్ జాలిపడి డోసు తగ్గిస్తే, ఆ జాలే పిల్లాడి ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు. రాముడు, సీత నడిచిన నేల అని మనకు గర్వం. అందుకే ఏ వీధిలో పిలిచినా ఒక సీతమ్మ, ఒక రాములు పలుకుతారు. ఇంటిపేర్లూ అంతే: కారం, మడకం, సోడి, కుంజా, గూడెం గూడెమంతా అవే. ఒకే రాత్రి క్యాజువాల్టీలో ఇద్దరు సీతమ్మలుంటే? "నువ్వు సీతమ్మవేనా?" అని అడిగితే, భయంతో ఉన్న మనిషి, అందులోనూ ఇంట్లో కోయ భాష మాట్లాడే మనిషి, దేనికైనా తల ఊపుతుంది. "నీ పేరేంటమ్మా? ఏ ఊరు? మీ ఆయన పేరేంటి?" అని అడగాలి. రక్తం ఎక్కించే ముందయితే మరీను.

మా డిపార్టుమెంటులో ఎల్‌సీ అని ఒకటుంది, లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఫోన్లో ఎల్‌సీ అడుగుతాడు. ఆపరేటరు ఫీడరు పేరు, టైము, నంబరు తిరిగి చెబుతాడు, లైన్‌మన్ అవునంటాడు, ఇద్దరూ రాసుకుంటారు. తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. విసుగు పుట్టించే తంతు ఇది. కానీ దీన్ని దాటవేసిన చోటే స్తంభాల మీద మనుషులు మాడిపోయారు. క్యాజువాల్టీలో నోటి ఆర్డర్లకూ ఇదే కావాలి. అరుపుల మధ్య "అర మిల్లీగ్రాము" అన్నది "ఆరు" అని వినపడొచ్చు. "సార్, అడ్రినలిన్, పాయింట్ ఫైవ్ మిల్లీగ్రాములు, తొడ కండకి, ఇస్తున్నాను" అని సిస్టర్ తిరిగి చెబితే ఐదు సెకన్లు పడుతుంది. అదే డోసు పొరపాటున ఒక్కసారిగా నరంలోకి వెళ్తే గుండెకే ముప్పు.

ఇంజనీర్లు కొన్ని పొరపాట్లను అసలు జరగనివ్వకుండా కట్టేశారు. చిన్న సిలిండర్ల మెడ దగ్గర రెండు చిల్లులు, మత్తు యంత్రానికి రెండు పిన్నులు ఉంటాయి. ఒక్కో గ్యాసుకు ఒక్కో అమరిక. ఆక్సిజన్ చోట ఇంకో గ్యాసు బిగిద్దామన్నా బిగియదు. ఇంజెక్షను మందులకు అలాంటి పిన్నులు లేవు. పొటాషియం క్లోరైడు ఆంప్యూలు, నీళ్ళ ఆంప్యూలు పక్కపక్కన పెడితే అలిసిన కళ్ళకు రెండూ ఒకటే. మొదటిది కలపకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. అది ట్రేలో ఉండకూడదు, వేరే అలమరలో ఉండాలి. ఆ మాట పట్టుబట్టి చెప్పగలిగేది సిస్టరే.

రిఫర్ చేసి పంపేటప్పుడు ఒక లెక్క ఉంది, పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. అంబులెన్సులో ఉండే బి-టైప్ సిలిండరు నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి పది లీటర్ల చొప్పున పెడితే రెండున్నర గంటలు. మీటరు ముల్లు సగంలో ఉంటే 75 నిమిషాలు. భద్రాచలంలో బయల్దేరిన బండి అప్పటికి కొత్తగూడెం దాటుతుంది, ఖమ్మం చేరదు. బండి కదలకముందే ముల్లు చూసి "ఇంకో సిలిండరు పెట్టండి" అన్న సిస్టర్ పేరు ఏ కేసు షీటులోనూ కనపడదు.

ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవేనని మన అమ్మాయిలు చెప్పారు. పరీక్షలో రాశారు కూడా. "తెలుసు అన్నా, కానీ సార్‌తో ఎలా అంటాం?" అన్నదే ఎక్కువమంది మాట. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో 2001లో పీటర్ ప్రొనోవొస్ట్ అనే డాక్టరు, ఐసీయూలో పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసేటప్పుడు పాటించాల్సిన ఐదు మెట్లు కాగితం మీద పెట్టాడు. చేతులు కడుక్కోవడం లాంటి సంగతులే. అసలు మార్పు ఏమిటంటే, డాక్టరు ఏ మెట్టు వదిలేసినా ఆపే అధికారం నర్సులకిచ్చారు, యాజమాన్యం వాళ్ళ వెనక నిలబడింది. ఆ గొట్టాల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు దాదాపు లేకుండా పోయాయి. మా ఎల్‌సీలోనూ అంతే. ఆపరేటరు "ఇవ్వను" అంటే ఎస్‌ఈ గారు కూడా ఆగాల్సిందే.

స్వర్ణోత్సవ నిధిలో మిగిలే డబ్బుతో బడికి సిమెంటు కమాను కట్టిద్దామని కమిటీ ఆలోచన. నాకు కమాను మీద కోపం లేదు, గోదావరి దాన్ని ఎన్నాళ్ళు ఉంచుతుందన్న అనుమానం తప్ప. నా ప్రతిపాదన వేరు. ఏటా ఒకరోజు మన హాల్లో చుట్టుపక్కల సిస్టర్లకు, ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు చేతితో చేయించే శిక్షణ పెడదాం. ఆర్డరు తిరిగి చెప్పడం, ముల్లు చూసి లెక్క కట్టడం, "సార్, ఒక్క నిమిషం ఆగండి" అని గట్టిగా అనడం. వీలైతే కుర్ర డాక్టర్లను కూడా పిలుద్దాం, ఆ మాట వినడం వాళ్ళకూ అలవాటు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుంచి సెప్టెంబర్ 17ను రోగుల భద్రతా దినంగా జరుపుతోంది. ఆ రోజు మన దగ్గర జెండా ఎగరేసే రోజు కూడా, బడి ఎలాగూ తెరిచే ఉంటుంది. నేర్పడానికి మన అమ్మాయిలు ఇద్దరు ఒప్పుకున్నారు. గాజు గొట్టాలు, ఒక ఖాళీ సిలిండరు నేను తెస్తాను. మధ్యాహ్నం జనరల్ బాడీలో ఈ అంశం మూడోది. భోజనం చేసి వెళ్ళిపోకుండా ఉండి చేతులెత్తండి.