క్లచ్ లేని కారుతో కాపురం



ఒకప్పుడు ఆటోమేటిక్ గేర్ల కారు అంటే పెద్ద నగరాల్లో, బాగా కలిగినవారి ఇళ్లలో ఉండే వస్తువు. ఇప్పుడు అలా కాదు. కోలారు, చింతామణి, బాగేపల్లి, హొసూరు వైపు ఏ పెళ్లికి వెళ్లినా, ఛత్రం ముందు నిలబెట్టిన చిన్న కార్లలో ఒకటో రెండో క్లచ్ లేనివి కనిపిస్తున్నాయి. బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్లలు కొంటారు. పండుగకు ఊరికి తెస్తారు. కొందరు తల్లిదండ్రుల కోసం ఇక్కడే వదిలి వెళ్తారు. ఆ బండితో ఎలా మెలగాలి అన్నదే ఈనాటి మన ప్రసంగం.

ముందుగా మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా పెద్దన్న ముప్పై ఏళ్లు ప్రభుత్వ బస్సు నడిపి విశ్రాంతి తీసుకున్నాడు. రోజుకు వందలసార్లు క్లచ్ తొక్కిన ఎడమ మోకాలు అరిగిపోయింది, ఆపరేషన్ చేశారు. ఇక కారు నడపలేనేమో అని దిగులు పడుతుంటే, ఆయన కూతురు క్లచ్ లేని చిన్న కారు ఒకటి కొని ఇచ్చింది. పదిహేను రోజుల్లో చేతికి వచ్చేసింది. "ఒరే, ఇది బండి కాదురా, ఉయ్యాల" అన్నాడు నాతో.

ఆ ఉగాది నాడు మా ఊరి గుడి దగ్గర కారు ఆపాడు. ఆ వీధి పల్లంగా ఉంటుంది. స్టార్టు చేయాలంటే గేరు న్యూట్రల్‌లో ఉండాలి కాబట్టి, ఆపేటప్పుడు కూడా అందులోనే ఉండాలనుకున్నాడు. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు సగమే లాగి, దిగి గుడిలోకి నడిచాడు. బండి చప్పుడు లేకుండా వెనక్కి జారింది. కింద పిల్లలు గోలీలు ఆడుతున్నారు. ఎవరో కేక వేస్తే పిల్లలు చెదిరిపోయారు. కారు వెళ్లి పశువులు నీళ్లు తాగే రాతి తొట్టికి కొట్టుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అన్న మాత్రం గుడి మెట్ల మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్లలో ఒక్క ప్రమాదం చేయనివాడు తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇక నేను నడపను" అన్నాడు.

ఆ రాత్రి నేను కారుతో వచ్చిన పుస్తకం తెరిచాను. బండిని ఎలా నిలపాలో అందులో స్పష్టంగా రాసి ఉంది. అయితే అదంతా ఇంగ్లీషులో ఉంది. అన్న చదువు కన్నడంలో ఎనిమిదో తరగతి, ఇంట్లో మాట తెలుగు. ఆ పుస్తకం ఆయనకు ఉన్నా లేనట్టే. తప్పు ఆయన చేతిలో లేదు, ఆయనకు చెప్పవలసినది చెప్పవలసిన భాషలో చెప్పకపోవడంలో ఉంది. అందుకే ఈ విషయాలు మీ ముందు పెడుతున్నాను.

ఇంతకూ ఈ బండిలో ఏం జరుగుతుంది? ఆటోమేటిక్ గేర్లు కొత్త విషయం కాదు. అమెరికాలో 1940 మోడలు కార్లకే అలాంటి గేరుపెట్టె వచ్చింది. 1958లో నెదర్లాండ్స్‌లో డాఫ్ అనే కంపెనీ రబ్బరు బెల్టులతో నడిచే ఆటోమేటిక్ చిన్న కారు తెచ్చింది. మన దేశంలో కూడా కొన్ని చిన్న కార్లలో ఆటోమేటిక్ రకం ఉండేది కానీ, ధర ఎక్కువ, మైలేజీ తక్కువ. 2014లో మారుతి సెలెరియోతో ఈ పరిస్థితి మారింది. అందులో పెట్టిన పద్ధతిని ఏ.ఎం.టి. అంటారు.

ఏ.ఎం.టి. అంటే కొత్త గేరుపెట్టె కాదు. పాత గేరుపెట్టే, పాత క్లచ్చే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం మన కాలూ చెయ్యీ కాకుండా ఒక చిన్న యంత్రం చేస్తుంది. ఎప్పుడు చేయాలో ఒక చిన్న కంప్యూటర్ చెబుతుంది. అంటే బండిలో మనకు కనిపించని క్లీనరు ఒకడు కూర్చుని క్లచ్ తొక్కుతున్నాడనుకోండి. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతావన్నీ సులభంగా అర్థమవుతాయి. క్లచ్ ఉంది కాబట్టి అది అరుగుతుంది, వేడెక్కుతుంది. గేరు మారేటప్పుడు బండి కాస్త తల ఊపినట్టు అవుతుంది. ఆ సమయంలో ఆక్సిలేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే ఆ కుదుపు తగ్గుతుంది.

ఇక నిలపడం సంగతి. బెల్టు రకం, టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ కార్లలో 'పి' అనే స్థానం ఉంటుంది. అందులో పెడితే గేరుపెట్టెలో ఒక కొక్కెం పడి చక్రాలు కదలవు. మన చిన్న ఏ.ఎం.టి. కార్లలో చాలావాటికి ఆ 'పి' లేదు. మా అన్న కారులోనూ లేదు. మరి ఏం చేయాలి? బ్రేకు తొక్కి పట్టుకుని, హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగాలి. ముందు ఎత్తుగా ఉంటే 'డి'లో, ముందు పల్లంగా ఉంటే రివర్సు అంటే 'ఆర్'లో ఉంచి ఇంజను ఆపాలి. అప్పుడు గేరు పడి ఉంటుంది, బండి జారదు. పాత కారును మనం ఫస్టు గేరులో వేసి నిలిపేవాళ్లం కదా, ఇదీ అంతే. మళ్లీ బయలుదేరేటప్పుడు తాళం తిప్పి, బ్రేకు తొక్కి, న్యూట్రల్‌కు తెచ్చి స్టార్టు చేయాలి. న్యూట్రల్ స్టార్టు చేయడానికే, నిలపడానికి కాదు. మీ బండికి ఇంకేమైనా తేడా ఉందేమో అమ్మినవారిని అడిగి, చేసి చూపించమనండి. మొహమాటపడకండి.

రెండోది ఎడమ కాలు. క్లచ్ అలవాటైనవాడికి తొందరలో ఎడమ కాలు తనంతట తానే లేస్తుంది. అక్కడ క్లచ్ లేదు, వెడల్పాటి బ్రేకు ఉంది. క్లచ్ తొక్కినంత బలంగా దాన్ని తొక్కితే బండి ఠక్కున ఆగుతుంది, వెనక వచ్చేవాడు గుద్దుతాడు. అందుకే ఎడమ కాలిని లోపలికి లాగి పెట్టుకోవాలి. బ్రేకు, ఆక్సిలేటర్ రెండూ కుడి కాలితోనే.

మూడోది ఎత్తు. మిట్ట మీద ట్రాఫిక్ ఆగినప్పుడు ఆక్సిలేటర్ కొద్దిగా తొక్కి బండిని నిలబెడుతుంటారు కొందరు. ఏ.ఎం.టి.లో అలా చేస్తే క్లచ్ కాలిన వాసన వస్తుంది. బ్రేకు మీదే నిలపండి. కదిలేటప్పుడు వెనక్కి జారుతుందనిపిస్తే హ్యాండ్ బ్రేకు వేసుకుని, ఆక్సిలేటర్ ఇచ్చి, బండి ముందుకు లాగుతున్నప్పుడు వదలండి.

నాలుగోది దిగుడు. మన వైపు నుంచి తిరుమలకు వెళ్లేవారు ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగుతారు. తిరుమల నుంచి దిగే దారి 1944లో వేసిన పాత ఘాటు రోడ్డు, మలుపుల మీద మలుపులు. 'డి'లో వదిలేసి అస్తమానం బ్రేకు మీద కాలు పెడితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. 'ఎం' వైపు జరిపి రెండో గేరులో ఉంచుకుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బస్సు డ్రైవర్లకు ఇది చెప్పనక్కరలేదు. ఆటోమేటిక్ కారులో కూడా అది చేయవచ్చని మాత్రం చాలామందికి తెలియదు.

ఇంకొక మాట. ఈ బండిని తోసి స్టార్టు చేయడం కుదరదు. బ్యాటరీ దిగిపోతే ఇంకో బండి నుంచి వైర్లు కలిపి స్టార్టు చేయవలసిందే.

ఇప్పుడు రెండో కొత్త విషయానికి వద్దాం. సిగ్నల్ దగ్గర బండి ఆపగానే ఇంజను దానంతట అదే ఆగిపోతుంది. బ్రేకు వదలగానే మళ్లీ అందుకుంటుంది. క్లచ్ ఉన్న బండి అయితే న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే ఆగుతుంది, క్లచ్ తొక్కితే అందుకుంటుంది. మొదటిసారి చూసినవారు బండి చెడిపోయిందనుకుంటారు. ఇదీ పాత ఆలోచనే. 1973లో పెట్రోలు కరువు వచ్చిన తరువాత జపాన్‌లో టయోటా కంపెనీ ఇలాంటిది చేసి చూసింది. 2021లో వచ్చిన కొత్త సెలెరియో వంటి చిన్న కార్లలో కూడా ఇది ఉంది.

దీని వల్ల లాభం ఎంత? బడిపంతులును కాబట్టి ఒక లెక్క వేస్తాను. చిన్న పెట్రోలు ఇంజను ఊరికే తిరుగుతుంటే గంటకు సుమారు అర లీటరుకు పైగా తాగుతుంది. నిమిషానికి 10 మిల్లీలీటర్లు అనుకుందాం. బెంగుళూరులో కె.ఆర్. పురం, సిల్క్ బోర్డు వంటి చోట్ల రోజుకు 20 నిమిషాలు ఆగి ఉండేవాడికి 200 మిల్లీలీటర్లు, 25 రోజులకు 5 లీటర్లు. మన పల్లె దారిలో సిగ్నలే లేదు కాబట్టి లాభమూ ఉండదు. అడుగులో అడుగు వేసే జామ్‌లో రెండు సెకన్లకోసారి ఆగి అందుకుంటుంటే చిరాకు పుడుతుంది. అప్పుడు డ్యాష్ బోర్డు మీద గుండ్రటి బాణం మధ్య 'ఎ' అక్షరం ఉన్న మీట నొక్కితే అది పనిచేయదు. చాలా కార్లలో మళ్లీ స్టార్టు చేసినప్పుడు తనంతట తానే పనిలోకి వస్తుంది.

ఒక్కోసారి ఇంజను ఆగదు. అదీ చెడిపోవడం కాదు. ఇంజను ఇంకా వేడెక్కకపోయినా, బ్యాటరీలో శక్తి తక్కువున్నా, ఏసీ గట్టిగా పనిచేయవలసి వచ్చినా ఆగదు. మే నెల ఎండలో ఆగిన ఇంజను సిగ్నల్ పడకముందే అందుకున్నా ఆశ్చర్యపోకండి.

జాగ్రత్తలు రెండే. ఒకటి, చప్పుడు లేదు కదా అని బండి ఆగిపోయిందనుకుని దిగవద్దు. అది నిద్రపోవడం లేదు, కన్ను మూసి ఉంది. రైలు గేటు పడితే, పాలు కొనడానికి దిగితే, ముందు చెప్పినట్టు బండిని నిలిపి తాళంతోనే ఆపండి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. లోపల పిల్లలుంటే మరీ ముఖ్యం. రెండోది, ఈ కార్లకు ఎక్కువసార్లు స్టార్టు చేయడానికి తట్టుకునే ప్రత్యేకమైన బ్యాటరీ ఉంటుంది. దాని ధర ఎక్కువ. తక్కువకు వస్తుందని మామూలు బ్యాటరీ వేయిస్తే అది త్వరగా చచ్చిపోతుంది. మార్చేటప్పుడు పాతదాని మీద ఏ రకమని రాసి ఉందో అదే అడగండి.

శ్రోతలారా, ఆ రాత్రి నేను ఈ విషయాలే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. అన్న చదవగలిగేది కన్నడ లిపి కాబట్టి, తెలుగు మాటలనే ఆ లిపిలో రాశాను. మర్నాడు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని పదిసార్లు నిలపడం, పదిసార్లు కదలడం చేయించాను. వయసులో పెద్దవాడికి, నాకు సైకిలు నేర్పినవాడికి నేను పాఠం చెప్పడం నాకే ఇబ్బందిగా ఉండింది. ఆయన మాత్రం బుద్ధిగా విన్నాడు. చివరికి, "ఒరే, ఈ మాట ముందే ఎవరైనా మన మాటలో చెప్పి ఉంటే ఆ తొట్టి పగిలేది కాదు కదరా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఆయన మళ్లీ నడుపుతున్నాడు. మొన్న వదినను తీసుకుని తిరుమల వెళ్లి వచ్చాడు, ఘాటంతా రెండో గేరులోనే దిగాడట. ఆ కాగితం కారు అరలో భద్రంగా ఉంది. అయినా ఏటవాలులో బండి నిలిపితే దిగి, వెతికి, చక్రం కింద ఒక రాయి పెడతాడు. చూసినవాళ్లు నవ్వుతారు. నేను నవ్వను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి బండి ఉంటే, కొనిచ్చిన పిల్లలు ఒక పూట కేటాయించి పెద్దలకు వారి మాటలో ఇవన్నీ చెప్పాలని, పెద్దలు సిగ్గుపడకుండా అడగాలని కోరుతున్నాను.