చర్మపు క్యాన్సరు: కోతకు పోవు రోగికి జరుగునదేమి?
(ప్రసంగ పాఠము)



క్యాన్సరు అను మాట వినబడగానే ఇండ్లలో గొంతులు తగ్గును. పిల్లలను అవతలకు పొమ్మందురు. పూర్వులు మానని మొండి పుండును రాచపుండని పిలిచి, దాని పేరెత్తుటకే జంకెడివారు. శరీరమునకు వచ్చు క్యాన్సరులలో కంటికెదురుగా, చేతికందునట్లు పుట్టునది చర్మపు క్యాన్సరు. తొలిదశలో కనిపెట్టినచో కోసి తీసివేయుటతోనే చాలమందికి వ్యాధి తీరిపోవును. ఇంత సులువుగా పట్టుబడు వ్యాధిచేత జనులు నష్టపడుచున్నారన్నచో అందులో వ్యాధి పాలుకంటె భయము పాలు ఎక్కువ.

తెల్లజాతులవారితో పోల్చినచో భారతీయులకు ఈ వ్యాధి చాల తక్కువ. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ ఎండలోని హానికర కిరణములను కొంతవరకు అడ్డగించును. అంతమాత్రమున బొత్తిగా రాదని కాదు. కాశ్మీరమున చలికాలమందు కాంగ్డీ అను నిప్పుకుండను ఉడుపుల క్రింద పొట్టకు, తొడలకు ఆనించుకొని కూర్చుందురు. ఏండ్ల తరబడి వేడి తగిలిన ఆ చోట పుట్టు క్యాన్సరును గూర్చి ఎల్మ్‌స్లీ అను వైద్యుడు 1866 లోనే వ్రాసెను. ధోవతి నడుమున బిగియగట్టుటచే ఒరిసినచోట వచ్చు క్యాన్సరును 1945 లో ఖనోల్కర్, సూర్యాబాయి అను శాస్త్రజ్ఞులు వర్ణించిరి. చీర కట్టుపోగు ఒరయుచోట స్త్రీలకును ఇట్టిది వచ్చుట కలదు. విశాఖపట్టణ ప్రాంతపు అడ్డపొగ చుట్టవలన అంగిటికి వచ్చు వ్యాధి చర్మపుది కాకపోయినను ఈ కోవకు చెందినదే. పాత కాలిన మచ్చమీద లేచి మానక నిలుచు పుండును గూడ అనుమానింపవలెను.

చర్మపు క్యాన్సరులు ముఖ్యముగా మూడు. బేసల్ సెల్ అనునది మెల్లగా పెరుగును. దూరముగా పాకుట మిక్కిలి అరుదు, కాని ఉన్నచోటనే లోతుగా తినివేయును. స్క్వేమస్ సెల్ అనునది చంక, గజ్జలలోని బిళ్ళలకు పాకగలదు. మెలనోమా అరుదైనది, కాని అన్నిటికంటె ప్రమాదకరమైనది. నల్లని చర్మము గలవారికి అది అరికాలిలోనో, గోటిక్రిందనో నల్లమచ్చగా వచ్చుట ఎక్కువ. చెప్పులు విప్పి అరికాలు చూచుకొను అలవాటు ఎందరికి కలదు?

పదవీవిరమణ చేసిన ఒక గుమాస్తాను ఊహింపుడు. ముక్కు ప్రక్కన శెనగగింజంత నల్లని బొడిపె. గడ్డము గీసికొనునప్పుడు రక్తము వచ్చును, పొక్కు కట్టును, రాలును, మరల కట్టును. ఆయన పసుపు పూసెను. ఇల్లాలు పొరుగువారు చెప్పిన ఆకుపసరు వేసెను. కుమార్తె పెండ్లి కానిమ్మని ఒక ఏడు, మనుమడు పుట్టనిమ్మని మరియొక ఏడు గడచెను. అసలు సంగతి వేరు. కత్తి తగిలినచో అది పాకునని ఎవరో ఆయనకు చెప్పియుండిరి.

ఇంత హాని చేసిన మాట మరియొకటి అరుదు. చిన్న ముక్క తీసి పరీక్షించుటవలన ఈ వ్యాధి పాకదు. ఆలస్యముగా వచ్చి, కోత తరువాత తిరుగబెట్టినవారిని చూచి జనులు కత్తిని నిందించిరి. వారు వచ్చునప్పటికే వేరు లోతుగా దిగియుండెను.

మొదట జరుగునది బయాప్సీ. ఆ చోట సూదిమందిచ్చి, చిన్న ముక్క తీసి, సూక్ష్మదర్శినితో చూతురు. వ్యాధి రూఢి యైన తరువాత కోత. చిన్నదైనచో ఒడలు తెలియకుండ మత్తు ఇయ్యనక్కరలేదు, కోయుచోటనే మొద్దుబార్చుదురు. ఆ సూది కొన్ని క్షణములు చురుక్కుమని మండును. రోగి అనుభవించు బాధలో అదియే ప్రధానము. తరువాత తాకుట, లాగుట తెలియును, నొప్పి తెలియదు. నొప్పి తోచినచో ఓర్చుకొని పడియుండుట వీరత్వము గాదు. చెప్పినచో మరికొంత మందిత్తురు. రక్తము పలుచబడుటకు మందు వాడువారు ఆ సంగతి ముందుగానే చెప్పవలెను. తమంత తాము మానరాదు.

కంటికి కనబడు బొడిపెను మాత్రమే తీసిన చాలదు. చుట్టును ఆరోగ్యముగా తోచు చర్మమునుగూడ కొంత తీయుదురు: చిన్న బేసల్ సెల్ నకు సుమారు 4 మిల్లీమీటర్లు, మెలనోమాకు దాని మందమునుబట్టి 1 మొదలు 2 సెంటీమీటర్లు. గాయము అంచులు ముడుతపడక కలియుటకై కోతను పడవ ఆకారమున తీయుదురు. అందుచే దాని పొడవు వెడల్పునకు సుమారు మూడు రెట్లగును. శెనగగింజకు ఇంత కుట్టా అని అద్దము ముందు కంటతడి పెట్టువారు కలరు. ఈ లెక్క ముందుగా చెప్పియున్నచో ఆ దుఃఖములో సగము తగ్గును. చెప్పని వైద్యుని అడుగుటకు రోగికి హక్కు కలదు.

ముక్కు, కనురెప్ప, చెవి వంటి చోట్ల అంత చర్మము తీయుట కష్టము. అట్టివానికై అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ మోస్ 1930 ప్రాంతముల ఒక పద్ధతి ప్రారంభించెను. పలుచని పొర తీసి, దాని అంచులన్నిటిని అప్పటికప్పుడు పరీక్షించి, ఎచ్చట వ్యాధి మిగిలినదో పటము గీసికొని, అచ్చట మాత్రమే మరల తీయుదురు. పొర పొరకు నడుమ రోగి గాయమునకు కట్టుతో వేచియుండవలెను. ఒక్కొక్కప్పుడు దినమంతయు పట్టును. భోజనపు డబ్బా, చదువుకొనుటకు పుస్తకము, తోడుగా ఒక మనిషి ఉన్న మేలు. భారతదేశమున ఈ సౌకర్యము కొద్ది చోట్లనే కలదు. అది లేనిచోట సామాన్యపు కోతయే చేసి, నివేదిక వచ్చిన తరువాత గాయము మూయుటయు కలదు.

గాయము చిన్నదైనచో కుట్టుదురు. పెద్దదైనచో తొడనుండియో, చెవి వెనుకనుండియో చర్మము తెచ్చి అతుకుదురు; లేదా ప్రక్క చర్మమును త్రిప్పి కప్పుదురు. ఈ రెండవదానికి పుట్టినిల్లు భారతదేశమే. చెక్కిలి చర్మముతో ముక్కు నిర్మించుట సుశ్రుత సంహితలో కలదు. టిప్పు సుల్తాను సైనికులచే ముక్కు పోగొట్టుకొనిన కావస్జీ అను బండి తోలువానికి పూనా ప్రాంతమున నుదుటి చర్మముతో క్రొత్త ముక్కు నిర్మించిన వృత్తాంతము 1794 లో లండనులోని జెంటిల్‌మన్స్ మాగజైన్ ప్రకటించెను. దానిని చదివి కార్ప్యూ అను వైద్యుడు 1814 లో అచ్చట ఆ చికిత్స చేసెను. నేటికిని ముక్కునకు పెద్ద గాయమైనచో నుదుటి చర్మమే దిక్కు. అయితే నుదుటినుండి ముక్కువరకు వ్రేలాడు ఆ చర్మపు వంతెనను సుమారు మూడు వారములకు గాని కోయరు. ఆ మూడు వారములు రోగి ముఖము చూచి మనుమలు బెదరుదురు, చుట్టములు జాలిపడుదురు. ఇంటివారికి ముందుగా చెప్పియుంచుట మందులంత అవసరము.

ఇంటికి వచ్చిన తరువాత మత్తు కొన్ని గంటలలో వదలును. చాలమందికి పారాసెటమాల్ చాలును. కంటి దగ్గర కోత యైనచో రెండు మూడు దినములు వాచి నల్లబడును. అది చూచి గాబరాపడనక్కరలేదు. రక్తము కారినచో కట్టుపై శుభ్రమైన గుడ్డ వేసి పదునైదు, ఇరువది నిమిషములు వదలక అదిమి పట్టవలెను. మాటిమాటికి ఎత్తి చూచుటచే రక్తము ఆగదు. అప్పటికిని ఆగకున్నను, చీము, జ్వరము, పెరుగు నొప్పి కనబడినను ఆసుపత్రికి పోవలెను. ముఖపు కుట్లు ఐదు మొదలు ఏడు దినములకు, కాళ్లు, వీపు కుట్లు పది మొదలు పదునాలుగు దినములకు తీయుదురు. మచ్చ మొదట ఎఱ్ఱగా, గట్టిగా ఉండి, మెత్తబడి రంగు దిగుటకు సంవత్సరము పట్టవచ్చును. కొందరికి అది ఉబ్బి కెలాయిడ్ అగును. ఇంతకుముందు అట్లయినవారు ముందే చెప్పవలెను.

కోత ముగియుటతో కథ ముగియదు. తీసిన ముక్క నివేదిక రావలెను. అంచులలో వ్యాధి లేదని వ్రాసినచో తృప్తి; ఉన్నదని వ్రాసినచో మరల తీయుటయో, కిరణ చికిత్సయో చేయుదురు. మెలనోమా మందమైనదైనచో బిళ్ళలను గూడ పరీక్షింతురు. ఒకమారు వచ్చినవారికి మరియొకచోట వచ్చు అవకాశము హెచ్చు గనుక కొన్ని సంవత్సరములు చూపించుకొనుచుండవలెను.

ఆ గుమాస్తా చివరకు కుమార్తె పట్టుదలచే పోయినాడనుకొనుడు. రెండేండ్ల క్రిందట నాలుగు కుట్లతో తీరునది, ఇప్పుడు చెవి వెనుక చర్మము తెచ్చి అతుకవలసివచ్చును. తీరును; కాని ముక్కు ప్రక్కన రంగు కొంచెము తేడాగా నాణెమంత మచ్చ నిలుచును.

1954 లో ఢిల్లీలో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమున చేరిన కుటుంబములు పంపు చీటీ, అనుమతి విషయములు కోతకు ముందే విచారించుకొనుట మంచిది. ఇక బదిలీల ఉద్యోగమున తరచు జరుగునది ఒకటి కలదు: కోత ఒక ఊరిలో, తరువాతి పరీక్ష మరియొక ఊరిలో. పరీక్షశాల వారి నివేదిక, దానిపైనున్న సంఖ్య, కోతకు ముందు తీసిన ఫోటో, ఈ మూడును బదిలీ ఉత్తరువుతోపాటు ఒకే కవరులో పెట్టుకొనవలెను. సామాను లారీలో ఎక్కింపక, చేతి సంచిలో ఉంచుకొనవలెను.