పచ్చదనం మన కోరికల పత్రంలోనిదే
(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో సర్వీసు నిబంధనలు, ఫిర్యాదుల పరిష్కారం, సభ్యత్వ సేకరణ మున్నగు విషయాలపై చర్చలు జరుగుచున్నవి. వాటి నడుమ చెట్లను గురించి, నీటిని గురించి, చెత్తను గురించి ప్రసంగించవలసినదిగా మమ్ము కోరినారు. ఈ సంగతి తెలిసి కొందరు మిత్రులు ఒక ప్రశ్న వేసినారు. పాత పింఛను తిరిగి సాధించవలసి ఉన్నది. ఖాళీలు భర్తీ కావలసి ఉన్నవి. శాశ్వత స్వభావం గల పనులు కాంట్రాక్టర్ల పాలగుచున్నవి. ఇట్టి తరుణంలో యూనియన్ మొక్కలు నాటుచు కూర్చుండవలెనా అని వారి సందేహం. ఇది న్యాయమైన సందేహం. దీనికి సమాధానం చెప్పుకొనిన తరువాతనే మనం ముందుకు పోవలెను.

ఎండ, నీరు, మురుగు, చెత్త - ఈ నాలుగింటి భారం ముందుగా పడునది ఎవరి మీద? ఆరుబయట పనిచేయువారి మీద, ఇరుకు క్వార్టర్లలో నివసించువారి మీద. 2015 మే నెలలో ఉభయ తెలుగు రాష్ట్రాలలో వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించినారు. వారిలో ఎక్కువమంది కూలీలు, వృద్ధులు, నీడ లేనివారు. ఎండలో రైలు పట్టా గాలికంటె ఎంతో ఎక్కువగా వేడెక్కును. ఆ పట్టాల నడుమ, ఆ కంకరరాళ్ళ మీద మన ట్రాక్‌మెన్ సోదరులు మిట్టమధ్యాహ్నం నడచుచున్నారు. పోస్టుమన్, గ్రామీణ డాక్ సేవకుడు సైకిలు మీదనో, కాలినడకనో ఊరూరా తిరుగుచున్నారు. వీరికి దారిలో ఒక వేపచెట్టు నీడ, ఒక కుండెడు మంచినీళ్ళు విలాసవస్తువులు కావు. అవి పనిపరిస్థితులలో భాగం. పనిపరిస్థితులు మన కోరికల పత్రంలోనివే గదా!

మన చరిత్రయే సాక్ష్యం

పర్యావరణానికి, కార్మికుని గౌరవానికి గల సంబంధం రైల్వేలో పనిచేసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. రైలుపెట్టెలలోని మరుగుదొడ్ల నుండి మలమూత్రాలు నేరుగా పట్టాల మీద పడుచుండిన కాలం చాలా దీర్ఘమైనది. పట్టాలు తుప్పుపట్టెను. స్టేషన్లు దుర్గంధభూయిష్టమయ్యెను. ఆ మాలిన్యంలో చేతులుపెట్టి పనిచేయవలసిన దుస్థితి ట్రాక్‌మెన్‌కు, సఫాయి కార్మికులకు పట్టినది. రక్షణ పరిశోధన సంస్థ సహకారంతో రూపొందిన బయో టాయిలెట్లను గత దశాబ్దంలో రైలుపెట్టెలకు అమర్చినారు. ఈ ఒక్క మార్పు వలన భూమికి, నీటికి మేలు జరిగినది. కార్మికుని మానానికీ మేలు జరిగినది. రెండు మేళ్ళూ ఒకే పనిలో సిద్ధించినవని గ్రహించవలెను.

ఇతర దేశాల కార్మికోద్యమం నుండి కూడ ఒక ఉదాహరణ చెప్పుకొందము. 1971లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కెల్లీస్ బుష్ అను చిన్న వనాన్ని నరికి ఖరీదైన ఇళ్ళు కట్టుటకు ఒక కంపెనీ పూనుకొన్నది. ఆ పేటలోని గృహిణులు అధికారులకు, నాయకులకు ఎన్ని విజ్ఞప్తులు చేసినను ఫలితం లేకపోయినది. చివరకు వారు భవన నిర్మాణ కార్మికుల యూనియన్‌ను ఆశ్రయించినారు. జాక్ మండీ కార్యదర్శిగా ఉండిన ఆ యూనియన్ అచ్చట పనిచేయుటకు నిరాకరించినది. వనం నిలిచినది. ఆ తరువాత మూడు నాలుగేండ్లలో ఇట్టి నిషేధాలు నలభైకి పైగా జరిగినవి. వాటికి గ్రీన్ బ్యాన్‌లు అని పేరు వచ్చినది. కట్టుపని ద్వారా బ్రతుకువారే కట్టగూడని చోట కట్టమని చెప్పిరి. పొరుగువారి మేలు కోరి నిలిచిన యూనియన్‌కు సమాజంలో ఎంత గౌరవం లభించునో దీని వలన తెలియుచున్నది.

నీళ్ళు మోసిన రైలు

2016 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని లాతూరుకు మిరజ్ నుండి రైలులో మంచినీరు తరలించవలసి వచ్చినది. మొదటి బండిలో పది వ్యాగన్లు, అయిదు లక్షల లీటర్ల నీరు. 2019 జూలైలో జోలార్‌పేట నుండి చెన్నైకి ఇదేవిధంగా నీరు పంపినారు. ఆ బండ్లను నడిపినవారు, వాల్వులు తిప్పినవారు, సిగ్నల్ ఇచ్చినవారు మనవారే. కరవు ఎంతదూరం వచ్చినదో మనకంటె దగ్గరగా చూచినవారు లేరు.

ఇక మన కాలనీల సంగతి చూడుడు. వేసవి వచ్చుసరికి బోరు ఎండిపోవును. ట్యాంకరు కొరకు బిందెలు వరుసలో నిలుచును. స్త్రీలు తెల్లవారుజామున లేచి కావలి కాయవలెను. కాని అదే కాలనీలో వర్షాకాలమందు కప్పుల మీద పడిన నీరంతయు మురుగుకాలువలో కలియుచున్నది. చిన్న లెక్క వేసికొందము. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరు. అనంతపురం కరవు జిల్లా. అచ్చట ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే. మన గుంతకల్లు ఆ జిల్లాలోనిదే. 50 చదరపు మీటర్ల క్వార్టరు కప్పు మీద అచ్చట ఏడాదిలో 27,500 లీటర్లు పడును. అయిదవవంతు వృథా అయినదనుకొన్నను 22,000 లీటర్లు మిగులును. ఒక కుటుంబం త్రాగుటకు, వండుకొనుటకు రోజుకు 40 లీటర్లు చాలుననుకొన్నచో అది 550 దినాల నీరు. ఇది ఒక్క ఇంటి లెక్క. ప్లాట్‌ఫారం కప్పులు, పార్సిలు షెడ్లు, పోస్టాఫీసు భవనాలు, వర్క్‌షాపుల విశాలమైన పైకప్పులు కలిపినచో ఎంత అగునో శాఖా కార్యదర్శులే తమ తమ ఊళ్ళ లెక్క వేయవలెను.

ఈ నీటిని ఇంకుడుగుంటలకు, పాడుపడిన బావులకు మళ్ళించుట గొప్ప శాస్త్రవిద్య కాదు. మొదటి వాన నీటిని బయటకు వదలవలెను. తరువాతి నీటిని ఇసుక, కంకర పొరల గుండా పంపవలెను. మురుగుగుంటకు దూరంగా గుంట త్రవ్వవలెను. తమిళనాడులో 2003 నుండి ప్రతి భవనానికి ఇది తప్పనిసరి చేసినారు. మన కాలనీలలో గొట్టాలు, సిమెంటు, నిర్వహణ యాజమాన్యం బాధ్యత. దానిని కోరిక రూపంలో పెట్టి సాధించవలెను. గుంట పూడిపోకుండ చూచుకొనుట మన బాధ్యత.

చెత్త ఎవరి గుమ్మంలో?

కేరళలోని అలప్పుజ పట్టణం తన చెత్తనంతయు చాలాకాలం సర్వోదయపురం అను గ్రామానికి తోలినది. దుర్గంధం భరించలేక ఆ గ్రామస్థులు లారీలను అడ్డగించినారు. పట్టణం వీధులలో చెత్త కుప్పలుగా పేరుకొన్నది. 2012లో పట్టణం వేరొక మార్గం పట్టినది. తడిచెత్తను పుట్టినచోటనే ఎరువుగానో, బయోగ్యాస్‌గానో మార్చుటకు ఇళ్ళలో గొట్టాలు, వీధులలో గాలి ఆడు తొట్లు ఏర్పాటు చేసినారు. ఇందు యంత్రాలకంటె ఇంటింటికి తిరిగి నచ్చజెప్పిన కార్యకర్తల పాత్ర మిన్న. ఇంటింటికి తిరుగుట మనకు క్రొత్తపని కాదు గదా!

మన ఇళ్ళ చెత్తలో ఇంచుమించు సగం కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఆకులు. దీనిని వేరుచేసి నలుగురైదుగురు కుటుంబీకులు కలిసి ఒక గుంటలో ఎండుటాకులతో పొరలు పొరలుగా వేసినచో రెండు మూడు నెలలలో ఎరువగును. ఆ ఎరువు పెరటి బెండకు, వంకాయకు పనికివచ్చును. మిగిలిన పొడిచెత్త కంపుకొట్టదు, అమ్ముడుపోవును. పగిలిన గాజుముక్కలను, బ్లేడులను విడిగా కాగితంలో చుట్టి ఇవ్వవలెను. సఫాయి కార్మికుని చేయి కూడ కార్మికుని చేయియే. అతడు కాంట్రాక్టు కార్మికుడైనచో అతని కనీస వేతనం, చేతితొడుగులు, సెలవులు మన శాఖ అడుగవలసిన విషయాలు. ఆ మాట అడుగని పచ్చదనం మనకు వలదు.

ప్లాస్టిక్ సంచుల విషయంలో పొరుగుదేశం నుండి ఒక పాఠం ఉన్నది. వరదలలో మురుగుకాలువలు పూడిపోవుట చూచి బంగ్లాదేశ్ 2002లోనే పలుచని పాలిథీన్ సంచులను నిషేధించినది. ప్రపంచంలో ఇట్టి నిషేధం విధించిన మొదటి దేశమదియే. అయితే అమలు సడలినది. సంచులు మరల బజారులోనికి వచ్చినవి. మనదేశంలోను 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు పలు ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం ఉన్నది. చట్టం కాగితం మీద ఉండగనే సరిపోదని మనకంటె బాగుగ తెలిసినవారెవరు? మన యూనియన్ సమావేశాలలో, క్యాంటీన్లలో, ఇన్‌స్టిట్యూట్‌లో జరుగు పెళ్ళిళ్ళలో విస్తరాకులు, స్టీలు గ్లాసులు వాడుటతో ఆరంభింపవచ్చును.

ఏడాది పొడవున కార్యక్రమం

ఈ పనులను ఒక్కనాటి ఉత్సవంగా ముగింపరాదు. 1950లో కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవాన్ని ప్రారంభించిన నాటి నుండి ఏటేట జూలైలో మొక్కలు నాటుచునే ఉన్నారు. ఫొటో తీయునపుడు మొక్క చుట్టు పదిమంది ఉందురు. మార్చిలో నీళ్ళు పోయుటకు ఒక్కరు ఉండరు. కావున మన శాఖలకు మేము సూచించు పద్ధతి ఇది.

జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినాన, కాలనీలో సర్వసభ్య సమావేశం జరిపి నీరు, మురుగు, చెత్త, నీడ విషయమై కోరికల పట్టిక తయారుచేయవలెను. జూలైలో మొక్కలు నాటవలెను. ఎన్ని కుటుంబాలు బాధ్యత వహింపగలవో అన్ని మొక్కలే నాటవలెను. ప్రతి మొక్కకు ఒక క్వార్టరు నంబరు కేటాయించవలెను. బదిలీ అయినపుడు క్రొత్తగా వచ్చిన కుటుంబానికి అప్పగించవలెను. వేప, కానుగ, నేరేడు వంటివి మన నేలకు తగినవి. 25,000 వోల్టుల తీగెల క్రింద గాని, సిగ్నల్ కనుపించు దారిలో గాని నాటరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

వినాయక చవితికి పిల్లలచేత మట్టి ప్రతిమలు చేయించుట, కార్తికంలో వనభోజనాలకు పోయినచోటు శుభ్రంచేసి వచ్చుట, భోగిమంటలో టైర్లు, ప్లాస్టిక్ వేయకుండుట - ఇవి మన పండుగలలో ఇమిడిపోవు పనులు. ఖరగ్‌పూర్ వంటి చోట్ల తరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారు ఇరుగుపొరుగు బెంగాలీ, ఒరియా కుటుంబాలను గూడ కలుపుకొనవలెను. నీటిబొట్టుకు భాషాభేదం లేదు. ఉగాది నాటికి పోస్టాఫీసుల ముందు, గేట్ల వద్ద చలివేంద్రాలు తెరువవలెను. వేసవిలో ఆరుబయటి పనివేళలను ఉదయం, సాయంత్రాలకు మార్చవలెననియు, విశ్రాంతి గదులలో మంచినీరు ఉంచవలెననియు ఫిబ్రవరిలోనే లేఖ వ్రాయవలెను. మే నెలలో వ్రాసిన లేఖకు జూలైలో జవాబు వచ్చును.

నాటుటకంటె నిలుపుట ముఖ్యం

చివరగా ఒక హెచ్చరిక. పాత కాలనీలలో చింత, వేప, రావి చెట్లు మన తాతలనాటివి. రైల్వే భూములను లీజుకిచ్చి ఆదాయం సంపాదించు విధానం 2005 నాటి చట్టసవరణతో వచ్చినది. కాలనీల పునర్నిర్మాణ ప్రణాళికలు పలుచోట్ల వచ్చుచున్నవి. క్రొత్త ఇళ్ళు మనకును కావలెను. కాని ప్రణాళిక కాగితం చూపకముందే రంపం చప్పుడు వినిపించరాదు. ఉభయ తెలుగు రాష్ట్రాలలోను 2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టుటకు ముందుగా అనుమతి కోరుచున్నది. పౌరుని ప్రాథమిక విధులలో ప్రకృతి పరిరక్షణ ఒకటియని 1976లో రాజ్యాంగంలో చేర్చినారు. ప్రతి శాఖ తన కాలనీలోని పెద్దచెట్లను, బావులను ఈ సంవత్సరమే లెక్కించి రిజిస్టరులో వ్రాసి ఉంచవలెను. లెక్కలేని ఆస్తికి కాపు ఉండదు. ప్రణాళిక వచ్చిననాడు ఆ రిజిస్టరు చేతబట్టుకొని చర్చలకు కూర్చుండవలెను.

అట్లే పచ్చదనం పేరుతో ఉద్యోగాలు తగ్గించుటను మనం అంగీకరింపరాదు. మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తయినది. పొగ తగ్గుట మంచిదే. కాని డీజిలు షెడ్లలో జీవితమంతయు పనిచేసిన సాంకేతిక కార్మికులకు క్రొత్త పనిలో శిక్షణ, హోదా, సీనియారిటీ రక్షణ కావలెను. భూమికి జరుగు మేలు ఖర్చును ఒక్క కార్మికునిచే కట్టించుట న్యాయం కాదు.

మిత్రులారా! మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానం స్పష్టమైనది. వేతనం కొరకు పోరాడిన చేతులే నీరు, నీడ కొరకును పోరాడవలెను. సమావేశాలకు రాని కుటుంబసభ్యులు, రిటైరైనవారు, యువకులు ఈ కార్యక్రమాల ద్వారా యూనియన్ దరి చేరుదురు. మీ మీ శాఖలకు తిరిగిపోయిన వెంటనే చెట్లు, బావుల రిజిస్టరు ప్రారంభింపుడు. వచ్చు మహాసభకు దానిని వెంటతీసికొని రండు.

కార్మిక ఐక్యత వర్ధిల్లుగాక!