మంగళవారం, మార్స్, మన కుజదోషం

ఈ ఎపిసోడ్ మంగళవారం రికార్డ్ చేస్తున్నాను, కావాలనే. మంగళవారం కొత్త పని మొదలుపెట్టొద్దంటారు కదా. స్పెయిన్ వాళ్ళకీ అదే సామెత ఉంది: మంగళవారం పెళ్ళి వద్దు, ప్రయాణం వద్దు అని. ఎందుకంటే అది మార్స్ రోజు.

మార్స్ రోమన్ల యుద్ధ దేవుడు. మార్చి నెలకి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. అయితే రోమన్లు ఆయన్ని చూసి భయపడి దూరం పెట్టలేదు. తమ ఊరు కట్టిన రోములస్‌కి తండ్రి అన్నారు, పొలాలు కాపాడమని మొక్కుకున్నారు. మనవాళ్ళేమో ఈ గ్రహాన్ని భూమి కొడుకు అన్నారు. కు అంటే భూమి, జ అంటే పుట్టినవాడు, కుజుడు. అంగారకుడు అన్నా ఆయనే. అంగారం అంటే నిప్పుకణిక. మా సైట్లో చైనా ఫోర్‌మన్‌ని అడిగితే "హువోషింగ్" అన్నాడు, నిప్పు నక్షత్రం అని. అందరికీ ఎరుపే కనబడింది. ఆ ఎరుపు ఏంటో మనకి బాగా తెలుసు. తుప్పు! వానలో తడిసిన రీబార్ మీద వచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా బిషాన్ సైట్లో ఒక తమ్ముడికి సంబంధం ఆగిపోయింది. ఇద్దరూ ఇష్టపడ్డారు. అమ్మాయికి కుజదోషం ఉందని వాళ్ళమ్మ వద్దంది. శాంతి చేయిస్తే చూద్దామంటే, ఆ ఖర్చు వీడి నెల ఓవర్‌టైమ్ అంత.

నేను ఐటీఐ వాణ్ణి, జ్యోతిష్యం రాదు. లెక్క వచ్చు. జాతకంలో ఇళ్ళు 12. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12లో కుజుడుంటే దోషం అంటారు. 12లో 5. అంటే పదిమందిలో నలుగురికి ఉన్నట్టే! చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా లెక్కపెడితే ఇంకా ఎక్కువమంది. అలాంటప్పుడు ఆ పిల్ల ఒక్కదాని మీదే ఎందుకు పడ్డారు? మంగళసూత్రం, మంగళహారతి మనకి శుభం, మంగళుడు మాత్రం చెడ్డవాడా?

మన శ్రీహరికోట నుంచి మంగళయాన్ ఎగిరింది 2013 నవంబర్ 5న. మంగళవారమే. ఆరు నెలలకని పంపితే 2022 దాకా ఉంది. ఇక్కడ బిషాన్ సంగతే చూడండి, ఒకప్పుడు పెద్ద చైనీస్ శ్మశానం. 1980లలో సమాధులు తీసి ఇళ్ళు కట్టారు. ఇప్పుడు ఆ ఇళ్ళ రేట్లు మనం అడగను కూడా అడగలేం.

ఇవన్నీ వాడికి చెప్పి, లెక్క కాగితం మీద వేసిచ్చాను. "మీ అమ్మతో గొడవపడకురా, ముందు నీ జాతకం చూపించమను" అన్నాను. ఇద్దరికీ ఉంటే దోషం పోతుందని వాళ్ళే అంటారు కదా. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ చాలాసేపు మాట్లాడలేదట, తర్వాత "సరే, నీది కూడా చూపిస్తా" అందట. అమ్మాయి వాళ్ళు ఈ నెలాఖరు దాకా ఆగుతామన్నారు.

మీ ఇళ్ళలో ఇలాంటిది జరిగితే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పక్కర్లేదు.