తమ పేరు తామే వ్రాసిన స్త్రీలు
(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుట నిలిచి, తండ్రి స్వాస్థ్యములో తమకు భాగము అడిగారు. వారి మనవి న్యాయమైనదని దేవుడే సెలవిచ్చాడు. వారిలో ప్రతి ఒక్కరి పేరు లేఖనములో వ్రాయబడియున్నది. స్త్రీల ఓటుహక్కు చరిత్రలో కూడ మనము చూచునది ఇదే: అడుగుట, పేరు వ్రాయుట.

స్వపరిపాలనగల దేశములలో స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు మొదట ఇచ్చినది న్యూజిలాండు. ఆ ప్రయత్నమునకు వెన్నెముక క్రైస్తవ స్త్రీలే. 1885లో అక్కడ ఉమెన్స్ క్రిస్టియన్ టెంపరెన్స్ యూనియన్ ఏర్పడినది. త్రాగుడువలన కాపురములు కూలుచుండగా వారు ప్రభుత్వమునకు మొరపెట్టుకొన్నారు. ఓటు లేనివారి మొర ఎవరు వింటారు? అందుచేత క్రైస్ట్‌చర్చ్ పట్టణమునకు చెందిన కేట్ షెపర్డ్ అను విశ్వాసురాలు ముందు నిలువగా, ఊరూర సంతకములు సేకరించారు.

1891లో 9,000కు పైగా, 1892లో సుమారు 20,000, 1893లో దాదాపు 32,000 సంతకములైనవి. ఆ కాగితములను ఒకదానికొకటి అంటించి, చీపురు కర్రకు చుట్టి పంపగా, సర్ జాన్ హాల్ ఆ చుట్టను సభ మధ్య విప్పి పరిచారు. సెప్టెంబరు 8న పైసభలో బిల్లు 20–18 ఓట్లతో గట్టెక్కినది. 19న గవర్నరు సంతకము చేశారు. నవంబరు 28న సుమారు 90,000 మంది స్త్రీలు ఓటు వేశారు. మావోరీ స్త్రీలకును ఆ హక్కు దక్కినది. అయితే అభ్యర్థులుగా నిలబడుటకు 1919 వరకు ఆగవలసివచ్చినది.

మన మద్రాసు రాజధానిలో 1921లో ఆస్తి అర్హత గల స్త్రీలకు ఓటు లభించినది. 1950లో రాజ్యాంగము వయోజనులందరికీ ఇచ్చినది. అయినను మొదటి సాధారణ ఎన్నికల జాబితాలలో, ముఖ్యముగా ఉత్తరాదిని, సుమారు 28 లక్షల మంది స్త్రీలకు చోటు దొరకలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అని తప్ప వారు తమ పేరు చెప్పలేదు. హక్కు వచ్చినది, పేరు లేకపోయినది.

ఇక మన సంఘముల సంగతి చూచుకొందము. పిడికెడు బియ్యము కూర్చినది, ఆదివారపు బడి నడిపినది, రోగుల మంచముల యొద్ద ప్రార్థించినది ఎక్కువగా స్త్రీలే. మరి మన రిజిస్టర్లలో వారు ఏ పేరుతో ఉన్నారు? పాస్టరేటు కమిటీ ఎన్నికలో ఎంతమంది నోరు విప్పుచున్నారు? శతాబ్ది ఉత్సవమునకు గుడికి సున్నము వేయించుట మంచిదే. దానితోపాటు రిజిస్టరు తెరచి, ప్రతి సహోదరి పేరు ఆమె చేతనే వ్రాయింతము. వ్రాయలేనివారికి అక్షరములు నేర్పుదము. పాదిరులమైన మేము ఈ పనికి ముందు నడువవలెను.

దేవుడు మన సంఘములను ఆశీర్వదించును గాక. ఆమేన్.