సోది కాదు, మన మాట

మేము చెప్పబోయేది ఎక్కువగా మన పిల్లల కోసం. ఇంటరు, డిగ్రీ, ఐటీఐ చదువుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని తిరిగే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. విషయం రేడియో. నవ్వకండి, కాసేపు వినండి.

ముందు ఒక పదం సంగతి. ఎవరైనా అక్కరకు రాని మాటలు మాట్లాడుతుంటే "సోది ఆపరా" అంటారు. మీరూ అంటారు. ఆ పదం ఎవరిది? బుట్ట చంకన పెట్టుకుని, కర్ర చేత పట్టుకుని ఊరూరా తిరిగి ఎరుక చెప్పిన మన ఎరుకల ఆడవాళ్లది. ముక్కూమొహం తెలియని ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ ఇంటావిడ గొంతు విని, లోపల దాచుకున్న దిగులు బయటికి తీయడం చిన్న పనా? చెప్పింది జరిగిందా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆ విద్య ఎదుటి మనిషిని వినడంతో మొదలవుతుంది. అలాంటి పదం ఇవాళ పనికిమాలిన మాటకు పేరైంది. యక్షగానాల్లో, నాటకాల్లో, సినిమాల్లో ఎరుకలసాని వేషం ఉంది. ఆ వేషం కట్టినవాళ్లు మాత్రం చాలావరకు బయటివాళ్లే. మన గొంతు అందరూ విన్నారు, మన నోటి నుంచి తప్ప.

ఇప్పుడు రేడియో దగ్గరికి వద్దాం. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. పున్నమ్మతోటలోని ఆ కేంద్రం ఈ డెల్టాకు చేసిన మేలు చిన్నది కాదు. వార్తలు, పొలం కబుర్లు, నాటకాలు, తుపాను హెచ్చరికలు అన్నీ ఆ పెట్టెలోంచే వచ్చాయి. ఉషశ్రీ గారి పేరు మీ తాతల్ని అడగండి. రామాయణ, భారతాలు చెప్పడమే కాదు, ‘ధర్మసందేహాలు’ అని శ్రోతలు రాసిన ప్రశ్నలకు జవాబులు చెప్పేవారు. ఒకరు అడగడం, ఒకరు చెప్పడం, ఊరంతా వినడం. ఇప్పుడు మీరు టాక్ షో అంటున్నది అదే కదా. పేరు మారింది.

అయితే ఆ కార్యక్రమంలో చిక్కు ఒకటి ఉంది, దానికి ఉషశ్రీ గారు బాధ్యులు కారు. ప్రశ్న ఉత్తరంలో రావాలి. ఉత్తరం రాయగలవాడిదే సందేహం అయింది. కాలవ గట్టు మీద గుడిసెలో ఉన్న యానాది తల్లికి సందేహాలు లేవనా? ఉన్నాయి. కార్డు ముక్క మీద పెట్టే అక్షరం లేదు. తర్వాత ఫోన్-ఇన్ కార్యక్రమాలొచ్చాయి, ఎఫ్ఎం ఛానళ్లు వచ్చాయి. విజయవాడలో మిర్చి మోగుతుంది, రెడ్ మోగుతుంది. పాటలు, జోకులు, పోటీలు బాగానే ఉంటాయి. కానీ ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు, ఆకాశవాణి వార్తల్ని తిరిగి వినిపించవచ్చు, అంతే. పైగా ప్రకటన ఇచ్చేవాడికి మన పేట ఖాతాదారు కాదు.

మీలో కొందరు అడుగుతారు, గిరిజనులకు రేడియో ఉంది కదా అని. ఉంది. ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి వినిపించింది, కొత్తగూడెం కేంద్రం కోయవారి మధ్యనే ఉంది. అదంతా ఏజెన్సీ లెక్క. మనం మైదానం గిరిజనులం. డెల్టాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. 1/70 చట్టం మనకు వర్తించదు, పెసా వర్తించదు. ఒక్కో ఊరి చివర పది ఇళ్లు, ఇరవై ఇళ్లు. నాగాయలంక వైపు పీతలు పట్టేవాళ్లు, దివిసీమ చేలల్లో ఎలకలు పట్టేవాళ్లు, రేపల్లె వైపు చేపల చెరువుల కాపలా కాసేవాళ్లు, మైలవరం వైపు తండాలు, బాపట్ల దగ్గర స్టువర్టుపురం. ఒకచోట గుంపుగా లేకపోవడం వల్ల ఓట్ల లెక్కలోనూ లేము, శ్రోతల లెక్కలోనూ లేము.

మరి దారి? దారి చట్టంలోనే ఉంది. 1993లో హీరో కప్ క్రికెట్ ప్రసారం ఎవరిదన్న గొడవ కోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసులో గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. జస్టిస్ పి.బి. సావంత్, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి రాసిన తీర్పులు అవి. క్రికెట్ గొడవలోంచి మనకు పనికొచ్చేది పుట్టిందంటే విచిత్రమే. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచారు.

ఆ తలుపులోంచి ముందు లోపలికి వెళ్లింది ఎవరనుకుంటున్నారు? జహీరాబాద్ దగ్గర, అప్పటి మెదక్ జిల్లా మాచునూరులో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు. జొన్న, సజ్జ పండించే ఆడవాళ్లు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మోగింది. ప్రారంభించింది ఆ తీర్పు రాసిన సావంత్ గారే. ఇందులో మీరు పట్టుకోవలసింది ప్రారంభోత్సవం కాదు. లైసెన్సు రాకముందే, దాదాపు పదేళ్ల పాటు, వాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘం సమావేశాలకు పట్టుకెళ్లి వినిపించారు. గాలి ఇవ్వలేదని కూర్చోలేదు, చేతిలో మోశారు. విత్తనం గురించి, కూలి గురించి, పాత పాటల గురించి తమ యాసలోనే మాట్లాడారు.

మన డెల్టాకు ఒక లాభం ఉంది. కమ్యూనిటీ రేడియోకు ఇచ్చే శక్తి 100 వాట్లు, యాంటెన్నా ఎత్తుకు పరిమితి 30 మీటర్లు. కొండల్లో ఆ శక్తి ముందు కొండ దగ్గరే ఆగిపోతుంది. మనది బల్లపరుపు నేల, అడ్డమొచ్చే కొండలు తక్కువ. దరఖాస్తు వ్యక్తి పేరున కుదరదు, రాజకీయ పార్టీకి అసలు కుదరదు. రిజిస్టరై కనీసం 3 ఏళ్లు పనిచేసిన సంస్థ కావాలి. కార్యక్రమాల్లో సగమైనా స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి, వీలైనంత వరకు స్థానిక భాషలో, యాసలో ఉండాలి. ఈ చివరి మాట రెండుసార్లు చదువుకోండి. ఎరుకల కుర్రు భాషకు, లంబాడీల గోర్‌బోలికి సొంత లిపి లేదని బడిలో చిన్నచూపు చూస్తారు. బస్సులో అమ్మ ఫోన్ చేస్తే మీరే గొంతు తగ్గించి తెలుగులోకి మారిపోతారు. రేడియోకు లిపి అక్కర్లేదు.

రాజకీయం మాట్లాడవచ్చా అని అడుగుతారు. నిబంధన గట్టిగానే ఉంది. సొంత వార్తలు, వర్తమాన రాజకీయం కమ్యూనిటీ రేడియోలో కుదరదు. ఈ నిబంధన మాకు నచ్చదు, నచ్చదనే చెబుతాం. ఓటు వెయ్యగల మనిషి ఓటు గురించి మైకు ముందు మాట్లాడలేకపోవడం ఏం న్యాయం? అయినా పరీక్షలు, ఉద్యోగాలు, కరెంటు, మంచినీళ్లు, వాతావరణం, ఆరోగ్య హెచ్చరికలు, పండగలు, జాతర్ల గురించి చెప్పవచ్చు. గీత ఇవతల ఉన్న స్థలం చాలా ఉంది.

ఉదాహరణకు చేపల చెరువు కాపలా సంగతి తీసుకుందాం. ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం, అది తీరేదాకా ఇల్లంతా కలిసి చెయ్యాలి అనుకుని ఏళ్ల తరబడి గట్టు దిగని కుటుంబాలున్నాయి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి వెట్టి అప్పు చెల్లదు. ఈ ముక్క ఆఫీసు గోడ మీద రాసి ఉంటే వాళ్లకేం తెలుస్తుంది? వాళ్ల పిన్ని గొంతులో వినపడాలి. "మేమూ అలాగే ఉన్నాం, ఫలానా ఆఫీసుకు వెళ్లాం, ఈ కాగితం ఇచ్చాం" అని ఒక మనిషి చెప్పాలి. ఎస్టీ సర్టిఫికెట్, ఆధార్, హాస్టల్ సీటు, అన్నీ అంతే. పథకం పేరు అందరూ చెబుతారు. మొదటి కౌంటర్ దగ్గర ఏమన్నారు, రెండోసారి ఏం తెమ్మన్నారు అన్నది వెళ్లొచ్చినవాడే చెప్పగలడు.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. మూలికల గురించి యానాది పెద్దలకు తెలిసినంత ఎవరికీ తెలియదు, రికార్డు చేయండి. కానీ పాము కాటు మాటొస్తే కట్టు మందు చెప్పి ఊరుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి విరుగుడు ఇంజెక్షన్ వేయించుకోవాలని అదే కార్యక్రమంలో, ఆ పెద్దాయన నోటే చెప్పించండి. ఎవరింటి గొడవైనా వాళ్ల అనుమతి లేకుండా మైకులో పెట్టొద్దు.

వరద సంగతి మరిచిపోలేం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మన పెద్దలు ఇంకా తేదీతో సహా చెబుతారు. మొన్న 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోయాయి. కరెంటు పోయింది, ఫోన్లలో చార్జి అయిపోయింది, పాల ప్యాకెట్టు ఎక్కడ పంచుతున్నారో పక్క వీధికి తెలియలేదు. అలాంటప్పుడు బ్యాటరీ రేడియో ఒకటి, మన వీధుల పేర్లు తెలిసిన గొంతు ఒకటి ఉంటే ఎంత తేడా! హైదరాబాదు స్టూడియోలో కూర్చున్నవాడికి ఏ గట్టు తెగితే ఏ పేట మునుగుతుందో తెలియదు కదా.

ఇక మనలో మన మాట. గిరిజనులం అని ఒకే జెండా కింద కూర్చున్నా మనం సమానం కాదు. చదువులో, ఉద్యోగాల్లో లంబాడీ పిల్లలు కొంత ముందున్నారు, సంతోషం. ఎరుకల పిల్లలు తర్వాత. యానాది పిల్లలు బాగా వెనక. మైకు పెడితే ముందు అలవాటైన చెయ్యే దాన్ని పట్టుకుంటుంది. మీ మొదటి నెల కార్యక్రమాల్లో ఎవరెవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో కాగితం మీద రాయండి. ఆడవాళ్లు ఎంతసేపు మాట్లాడారో వేరే రాయండి. సిగ్గుపడాల్సి వస్తే మనలో మనమే సిగ్గుపడదాం.

లైసెన్సు కాగితాలు, రిజిస్ట్రేషన్ సంగతి మేము చూస్తాం. ఢిల్లీలో సమాచార ప్రసార శాఖ దగ్గర అది ఎన్నాళ్లు నానుతుందో చెప్పలేం. ఈలోగా మీ చేతిలో ఫోను ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అనే ఏర్పాటులో 2010 నుంచి అడవి పల్లెల జనం మామూలు ఫోన్‌తోనే గోండిలో, హిందీలో తమ ఊరి సమస్య రికార్డు చేసి, నలుగురికీ వినిపించారు. మీ ఫోన్లు వాటికన్నా మంచివి.

అరగంట కార్యక్రమం చాలు. ఒక ప్రశ్న, దానికి వెళ్లొచ్చినవాడి జవాబు, ఒక ముసలాయన జ్ఞాపకం, ఇంట్లో పాడుకునే పాట ఒకటి. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకండి, వాళ్లు ఆగిన చోట మీరూ ఆగండి. కుర్రులో చెబితే కుర్రులోనే ఉంచండి, కింద తెలుగు చెప్పే పని తర్వాత చూసుకుందాం. పెన్‌డ్రైవ్‌లో వేసి పేట రామాలయం స్పీకర్‌లోనో, తండా సేవాలాల్ గుడి దగ్గరో, ఆటోలోనో వినిపించండి. మొదటిది మాత్రం యానాది కాలనీలోనే రికార్డు చేద్దాం. పొద్దున వెళ్తే చెరువుల మీద ఉంటారు, దొరకరు. సాయంత్రం దీపాలు పెట్టాక వెళ్దాం, ఫోన్లు నిండా చార్జి పెట్టుకుని రండి.